కంటికి కానరాని నెత్తురు

దిల్‌సుఖ్‌నగర్ కూడలి దాటి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వైపు సాగు రహదారిలో, మెట్రో స్తంభములకు ఇరుప్రక్కల, నగల దుకాణముల ప్రకటనలతోను శిక్షణాలయముల ప్రకటనలతోను పోటీపడుచు మోకాలి మార్పిడి చికిత్సను గూర్చిన ప్రకటనలు నేడు తలయెత్తినవారికెల్ల కనబడుచుండును. ఆ రహదారి నానుకొనియున్న గడ్డిఅన్నారం ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘము. 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థయందు విలీనమైనది. అంతకంటె మిన్నగా, వేసవి వచ్చినంతనే మామిడిపండ్ల వాసనతో నిండిపోవు పండ్ల మార్కెట్టుచే పేరువడసిన తావు అది. ఆ మార్కెట్టు బాటసింగారమునకు తరలిపోగా, ఖాళీయైన సుమారు 21 ఎకరాల స్థలమున 1000 పడకల ప్రభుత్వ వైద్యశాలకు, జనులు టిమ్స్ అని వ్యవహరించు సంస్థకు, 2022 ఏప్రిల్ 26వ తేదీన శంకుస్థాపన జరిగినది.

విజయవాడ మార్గమున సూర్యాపేట, నల్లగొండల నుండియు, సాగరు మార్గమున దేవరకొండ వైపు నుండియు వచ్చువారికి ఎల్.బి.నగర్ కూడలియే నగరపు తూర్పువాకిలి. అచట బస్సు దిగువారిలో, కడ్డీ పట్టుకొని ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్కసారి ఆగి ఊపిరి తీసికొను వృద్ధస్త్రీలు ఎందఱో కలరు. నడుము వంచి నాట్లు వేసి, గొంతుకూర్చుండి కలుపు తీసి, నేలపై బాసికపట్టు వేసికొని ఇంటిల్లిపాదికి వండి వడ్డించిన వారి మోకాళ్ల లోపలి మృదులాస్థి అరిగి, ఎముకను ఎముక ఒరయుచుండగా, దొడ్డికాళ్లతో ఊగుచు నడచువారు వారు. శస్త్రచికిత్స నిశ్చయమైన దినమున వారికి చెప్పబడు సవాలక్ష మాటలలో ఇల్లు చేరువఱకు మఱపురానిది ఒక్కటియే: "రెండు బాటిళ్ల రక్తం రెడీగా పెట్టుకోండి." అంతట కొడుకో, అల్లుడో బ్లడ్ బ్యాంకునకు పరుగెత్తును. ఆ రెండు సీసాలు ఏల కావలసివచ్చెనో, నేడవి చాలమందికి ఏల అక్కఱలేకుండ పోయెనో తెలియవలెనన్నచో మోకాలిలోనికి కొంత తొంగిచూడవలసియున్నది.

మోకాలి మార్పిడి యనగా కీలును సమూలముగ పెఱికి వేఱొకటి నాటుట కాదు. తొడయెముక క్రిందికొనను, ముంగాలియెముక పైకొనను అరిగిన మృదులాస్థితో కూడ కొన్ని మిల్లీమీటర్ల మందమున కోసివేసి, ఆ కోసిన ముఖములపై లోహపు తొడుగులను ఎముక సిమెంటుతో అతికించి, నడుమ ప్లాస్టిక్ పలక నొకదానిని అమర్చుట మాత్రమే. 1974లో న్యూయార్కునందు జాన్ ఇన్సాల్ బృందము వాడుకలోనికి తెచ్చిన కీలు నేటి కీళ్లలో పెక్కింటికి మూలము. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము ఈ కీళ్లకు గరిష్ఠ ధర నిర్ణయించి, ఎక్కువగా వాడబడు కోబాల్టు క్రోమియము కీలునకు పన్నులు గాక రూ. 54,720 అని కట్టడి చేసిన పిదప, మధ్యతరగతి కుటుంబములు కూడ ఈ చికిత్సను గూర్చి ధైర్యముగా ఆలోచింపసాగినవి.

మాంసమున తెగిన రక్తనాళమును శస్త్రవైద్యుడు పట్టుకారుతో పట్టి, విద్యుత్తుతో కాల్చి మూయగలడు. కోసిన ఎముక విషయమున అట్టి ఉపాయము సాగదు. దాని లోపలిభాగము సూక్ష్మరంధ్రమయము, మజ్జతోను రక్తముతోను నిండినది. అందలి సన్నని నాళములు గట్టి ఎముకగోడలలో ఇమిడియుండుటచే తెగినపుడు మాంసములోని నాళములవలె ముడుచుకొనలేవు. ఇది చాలనట్లు, తొడయెముకను సరియైన కోణమున కోయుటకు దాని మజ్జాకుహరములోనికి రంధ్రము చేసి పొడవైన కడ్డీని చొప్పించుట చిరకాలముగా వాడుకలోనున్న పద్ధతి. కడ్డీ తీసివేసినను రంధ్రము మిగులును. దానిని కోసితీసిన ఎముక ముక్కతోనే బిగించి మూయనిచో అదియొక ఊటబావి యగును.

ఈ స్రావమును అణచుటకు వైద్యులు తొలినుండి ఆశ్రయించిన సాధనము తొడకు బిగించు పట్టీ. 1718లో పారిస్ నగర శస్త్రవైద్యుడు జాన్ లూయీ పెతీ దానికి మరను చేర్చెను. 1873లో జర్మను వైద్యుడు ఎస్మార్క్ రబ్బరు పట్టీ చుట్టి కాలిలోని రక్తమును పైకి నెట్టు విధానమును ప్రకటించెను. 1904లో అమెరికాలో హార్వే కుషింగ్ గాలితో ఉబ్బు పట్టీని ప్రవేశపెట్టెను. నేటి టోర్నికెట్ దాని సంతతియే. అది బిగిసిన పిమ్మట మోకాలి లోపల నెత్తుటిచుక్క కానరాదు. ఎముక తెల్లగా, పొడిగా, సిమెంటు పట్టుటకు అనువుగా నుండును. చూచువారికి సమస్య తీరిపోయినట్లే తోచును. తోచుటయే గాని తీరుట లేదు. పట్టీ విప్పినంతనే గంటకు పైగా ఆకొన్న కాలిలోనికి రక్తము వెల్లువయై పాఱును. అంతేగాక, ప్రాణవాయువు లేక క్లేశపడిన నాళపు గోడలు, గడ్డకట్టిన రక్తమును కరగించు ప్రేరకమును విడుదల చేయును. బల్లమీద మిగిల్చిన రక్తములో కొంత వార్డులో ఖర్చగునన్నమాట. 2020లో కొక్రేన్ సంస్థ అంతవరకు జరిగిన పరీక్షల నన్నింటిని సమీక్షించినపుడు, మొదటి దినపు నొప్పియు, తీవ్రమైన ఉపద్రవములును టోర్నికెట్ కట్టినవారియందే కొంత హెచ్చుగా కనబడినవి. అందుచే పలువురు శస్త్రవైద్యులు ఇప్పుడు దానిని సిమెంటు పెట్టు కొన్ని నిమిషములకే పరిమితము చేయుచున్నారు. కొందఱు అసలే కట్టుట లేదు.

ఎంత రక్తము పోయినదో లెక్కకట్టుటయందు కూడ వైద్యులు చిరకాలము కంటిని నమ్మి మోసపోయిరి. పీల్చుగొట్టపు సీసాలో పడినదానిని కొలుతురు, దూదిగుడ్డలను తూతురు, గాయమునుండి వెలుపలికి తెచ్చిన డ్రెయిన్ సంచిలోని దానిని కలుపుదురు. ఆ మొత్తమునే రక్తనష్టమని వ్రాయుదురు. రోగి హిమోగ్లోబిన్ మాత్రము ఆ లెక్కకు లొంగక మూడవనాటికి ఇంకను దిగజాఱుచుండును. మిగిలిన రక్తము ఏమైనట్లు? రోగి ఎత్తు, బరువులను బట్టి దేహములోని మొత్తము రక్తమును అంచనా వేసి, చికిత్సకు ముందు వెనుకల ఎఱ్ఱకణముల పాళ్లను పోల్చి, పోయినదానిని గణితముచే రాబట్టు మార్గము ఒకటి కలదు. బ్రిటనులో సెహాట్, ఎవాన్స్, న్యూమన్ అను మువ్వురు ఈ మార్గమున 2004లో ప్రకటించిన లెక్కలో మోకాలి మార్పిడి రోగులు సగటున 1498 మి.లీ. రక్తము పోగొట్టుకొనిరి, అందు 765 మి.లీ. ఎవరి కంటను పడనిది. అది కీలులోను, తొడ కండరముల పొరలలోను ఇంకిపోయినది. కొంత కణవిచ్ఛేదము వలన నశించినది. మూడవనాడు కట్టు విప్పి, తొడనుండి పిక్కవఱకు నల్లగా కమిలియుండుట చూచి ఇంటివారు "దెబ్బేమైనా తగిలిందా?" అని బెదరుదురే, ఆ కమిలిన చర్మము క్రిందనున్నది ఈ దాగిన నెత్తురే.

ఇట్లు రక్తము గంటల తరబడి లోలోన ఏల కారవలెను? గడ్డకట్టదా? కట్టును; కాని కట్టినది నిలువదు. గాయమైనచోట ఫైబ్రిన్ అను దారములు అల్లుకొని కణములను బంధించి బిరడా వేయును. ఆ క్షణముననే దానిని కరగించు యంత్రాంగము కూడ మేల్కొనును. లేనిచో ప్రతి చిన్నగాయమును ఒక నాళమును శాశ్వతముగా మూసివేయును. రక్తములో నిద్రాణమై తిరుగు ప్లాస్మినోజెన్ అను ప్రోటీను ఫైబ్రిన్ దారములపై నున్న లైసీన్ అను అమైనో ఆమ్లపు మొనలను పట్టుకొని, అచట ప్లాస్మిన్‌గా మాఱి, ఆ దారములను తునుకలు చేయును. పెద్ద శస్త్రచికిత్స జరిగిన తొలి గంటలలో ఈ కరగించు వ్యాపారము అతిశయించి, ఒక దినము గడచునప్పటికి దానంతట అదే చల్లారును. కావున జయాపజయములు ఆ కొలది గంటలలోనే నిర్ణయమగును. ఇచటనే ట్రానెగ్జామిక్ ఆమ్లము అను మందు ప్రవేశించును. అది లైసీన్ పోలికతో కృత్రిమముగా చేయబడిన చిన్న అణువు. దొండతీగ నులితీగ చాచి పందిరికఱ్ఱను పట్టుకొనబోవు సమయమున దానికి చిన్న పుల్ల నందించినచో అది ఆ పుల్లనే చుట్టుకొని పందిరి నందుకొనలేక వ్రేలాడును. ప్లాస్మినోజెన్ గతియు ఈ మందు సమక్షమున అట్టిదే. గమనింపదగిన దేమన, ఈ మందు క్రొత్తగా గడ్డ కట్టించునది కాదు. దేహము తానుగా కట్టినదానిని అకాలమున చెడకుండ కాపాడునది.

దీనిని కనుగొన్నవారు జపాను దంపతులు, ఒకమోటో షోసుకే, ఒకమోటో ఉతాకో. యుద్ధానంతరపు దారిద్ర్యములో పరిశోధనకు వస్తువులు దొరకని కాలమున వారు రక్తమును ఎంచుకొనుటకు గల కారణములలో నొకటి, చాలకపోయినచో తమ రక్తమునే తీసికొనవచ్చుననుట. బిడ్డను చూచువారు లేక, ఉతాకో కూతురును వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసెను. మొదట ఎప్సిలాన్ అమైనోకాప్రోయిక్ ఆమ్లమును పరీక్షించి, అంతకంటె అనేక రెట్లు శక్తిగల ట్రానెగ్జామిక్ ఆమ్లమును సాధించి, 1962లో వారు ప్రకటించిరి. ప్రసవానంతర రక్తస్రావముచే మరణించు తల్లులను కాపాడుట ఆమె తలంపు. ఆనాటి ప్రసూతివైద్యులు దానిని చెవినబెట్టలేదు. ఇరువది వేలమంది బాలింతలపై జరిగిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడి, సకాలమున ఇచ్చిన ఈ మందు రక్తస్రావ మరణములను తగ్గించునని స్థిరపఱచునప్పటికి, ఆమె తొంబదియెనిమిదేండ్ల వయసున, అంతకు ముందటి యేట కన్నుమూసియుండెను. విజ్ఞానచరిత్రలో ఇట్టి ఆలస్యములు కొత్త కావు గాని, ఈ యాలస్యమునకు మూల్యము చెల్లించినవారు ఎవరో తలచుకొన్నచో మనసు కలుక్కుమనును.

మోకాలి వైద్యులకు ఈ మందు గుణము తెలియుటకును మూడు దశాబ్దములు పట్టినది. 1996లో స్వీడను వైద్యులు బెనోని, ఫ్రెడీన్ 86 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఎవరికి మందో ఎవరికి ఉత్తనీరో రోగికిని వైద్యునకును తెలియకుండ పరీక్షింపగా, సగటు రక్తనష్టము సుమారు 1410 మి.లీ. నుండి 730 మి.లీ.కు దిగినది. అది మొదలు ప్రపంచమంతట ఇట్టి పరీక్షలు పదుల సంఖ్యలో జరిగి, 2018లో అమెరికాలోని కీళ్లవైద్యుల సంఘములు కూడి ఈ మందును సమర్థించుచు మార్గదర్శకములు వెలువరించినవి. చర్మము కోయుటకు ముందు ఒక గ్రామును రక్తనాళములోనికి మెల్లగా ఎక్కించుట ఒక పద్ధతి. గాయము మూయునపుడు కీలులోనే పోయుట మఱియొక పద్ధతి. రెండును కలిపి చేయువారు కలరు. అధిక ఋతుస్రావమునకు స్త్రీవైద్యులు వ్రాసియిచ్చు మాత్ర ఇదే మందు. మాత్రగా మ్రింగినను మోకాలి విషయమున ఫలము దాదాపు సమానమే. ఒక సీసా రక్తమును పరీక్షించి సిద్ధము చేయుటకగు వ్యయముతో పోల్చినచో దీని వెల అత్యల్పము. ప్రకటనలలో ఎముక కోయుటకు సాయపడు మరచేయి (రోబో) బొమ్మ పెద్దదిగా వేయుదురు. ఈ చిన్న మందుగొట్టము బొమ్మను ఎవరును వేయరు. వేయవలసినది దీనినే యని నా అభిప్రాయము.

ఐనను ఇది అమృతము కాదు. గుండెపోటు, పక్షవాతము, కాలినరములలో గడ్డ అను పూర్వచరిత్ర గలవారికి దీని నిచ్చుటకు వైద్యులు చాలకాలము జంకిరి. పెక్కు పరీక్షలలో గడ్డల సంఖ్య పెరిగినట్లు కానరాలేదు గాని, అట్టివారి విషయమున వైద్యుడు ఒకటికి రెండుమార్లు ఆలోచించుట ధర్మమే. మూత్రపిండములద్వారా విసర్జింపబడు మందగుటచే కిడ్నీలు చెడినవారికి మోతాదు తగ్గింపవలెను. అన్నింటికంటె ఘోరమైన ప్రమాదము మందు గుణమునుండి గాక మనిషి పొరపాటునుండి పుట్టును: వెన్నులోనికి ఎక్కించు మత్తుమందు గొట్టమును, ఈ మందు గొట్టమును పోలికలో దగ్గఱగా నుండుటచే, ఒకదానికి బదులు మఱియొకటి వెన్నులోనికి పోయిన ఉదంతములు పలుదేశములలో కలవు, ఆ పొరపాటు మూర్ఛలకును, తఱచుగా మరణమునకును దారితీయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఈ విషయమై హెచ్చరిక వెలువరించినది. రెండు మందులను వేర్వేఱు చోట్ల ఉంచుట, పేరు బిగ్గఱగా చదివి ఎక్కించుట వంటి అతిసామాన్యమైన జాగ్రత్తలే దీనికి విరుగుడు.

మత్తు ప్రసంగము వచ్చినది గనుక చెప్పుచున్నాను: ఈ శాస్త్రమున హైదరాబాదునకు పూర్వకీర్తి కలదు. 1888, 1889 సంవత్సరములలో ఎడ్వర్డ్ లారీ అను వైద్యాధికారి నాయకత్వమున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో నిజాం ప్రభుత్వపు అండతో జరిగిన క్లోరోఫారం పరిశోధనలు లోకప్రసిద్ధములు. మత్తువైద్యమున తొలి మహిళలలో నొకరైన రూపాబాయి ఫర్దూంజీ అందు పాల్గొనెను. నేటి మోకాలి చికిత్స సాధారణముగ వెన్నుమత్తుతో జరుగును. అది రక్తపు పోటును కొంత తగ్గించి స్రావమును కూడ తగ్గించును. చల్లని థియేటరులో దేహము చల్లబడినచో గడ్డకట్టు శక్తి మందగించును: 1996లో తుంటి మార్పిడి రోగులపై జరిగిన ఒక పరీక్షలో దేహోష్ణము డిగ్రీన్నర తగ్గినంతమాత్రమున అర లీటరు రక్తము అదనముగా పోయినది. వెచ్చని దుప్పటి కప్పుట కూడ రక్తసంరక్షణమే. గాయములో అడ్రినలిన్ కలిపిన నొప్పిమందు చిమ్ముట, చికిత్సానంతరము మోకాలిని కొంత వంచియుంచుట, మంచుసంచి పెట్టుట అను చిన్న ఉపాయములు ఇంకను కలవు. డ్రెయిన్ గొట్టమో, లోపల రక్తము చేరి తనంతట తాను కలిగించు ఒత్తిడిని పోగొట్టి స్రావమునకు దారి తెఱచునదేయని తేలుటచే పలుచోట్ల మూలబడినది. మరచేతి సాయముతో చేయు చికిత్సయందు మజ్జాకుహరమును తొలువనవసరము లేదు గనుక కొంత రక్తము మిగులుట నిజము. ప్రకటనలలో కనబడునంత గొప్పగా మాత్రము కాదు.

పైని చెప్పినవన్నియు పోవు రక్తమును గూర్చినవి. రోగి వెంట తెచ్చుకొన్న రక్తమెంత? మన తెలుగునాట అసలు చిక్కు ఇచటనే యున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదునైదు మొదలు నలుబదితొమ్మిదేండ్ల స్త్రీలయందు రక్తహీనత తెలంగాణలో నూటికి 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. వారే ముదిసి మోకాలి నొప్పితో వైద్యుని గడప త్రొక్కుదురు. వయసు ముదిరినకొలది మఱికొన్ని కారణములు తోడగును: నొప్పికని మందులషాపులో అడిగి తెచ్చుకొన్న మాత్రలు ఏండ్ల తరబడి మ్రింగుటచే కడుపులో పుండుపడి కొంచెము కొంచెముగా రక్తము కారును, అన్నము తిన్న వెంటనే త్రాగు చాయ ఆహారములోని ఇనుమును ఒంటబట్టనీయదు, శాకాహారులకు బి12 కొఱవడును. మోకాలి నొప్పికి వాడిన మందే మోకాలి చికిత్సకు కావలసిన రక్తమును హరించుచున్నదనుట విపరీతముగా తోచవచ్చును గాని జరుగుచున్నది అదియే.

ఒక స్థూలగణితము చూడుడు. 60 కిలోల స్త్రీ దేహమున రక్తము సుమారు 3900 మి.లీ. ఆమె 1200 మి.లీ. పోగొట్టుకొన్నచో, హిమోగ్లోబిన్ 13 గ్రాములతో వచ్చినది 9.6 దరిదాపులకు దిగి, నీరసముగానైనను లేచి నడచును. 10తో వచ్చినది 7.3కు దిగి, సీసాకై ఎదురుచూచును. ట్రానెగ్జామిక్ ఆమ్లముతో నష్టము 650 మి.లీ.కు తగ్గెననుకొందము: మొదటియామె 11 వద్ద నిలుచును, రెండవయామె 8.5 వద్ద. కత్తి ఒకటే, చేయి ఒకటే, పోయిన రక్తమును ఒకటే. భేదమంతయు ఆరువారముల క్రిందట ఒకరు పరీక్ష చేయించుకొని మందు తినుటలో, ఒకరు తినకపోవుటలో నున్నది. 2017లో అంతర్జాతీయ నిపుణులు కూడి, పెద్ద శస్త్రచికిత్సకు పోవు స్త్రీపురుషులకు ఇరువురకును 13 లక్ష్యముగా నుండవలెనని చెప్పిరి. ఆ లక్ష్యమునకు మన పెద్దమ్మలలో ఎందఱు చేరుదురో చెప్పనవసరము లేదు.

ఆ కొఱతను పూరించుట కష్టసాధ్యమేమియు కాదు, కావలసినది వ్యవధి. ఇనుము మాత్రను దినము విడిచి దినము తినుట మేలని ఇటీవలి పరిశోధనలు చెప్పుచున్నవి. ఏలయన ఒక మోతాదు పడినంతనే కాలేయము హెప్సిడిన్ అను హార్మోనును విడిచి మఱునాటి ఇనుమునకు ప్రేగు తలుపు మూయును. వ్యవధి చాలనివారికి సెలైనుతో పాటు నరమునకు ఎక్కించు ఇనుపమందులు కలవు. సర్కారు దవాఖానలో ఇనుముతో జతగా ఇచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో ప్రయోగశాలయందు కృత్రిమముగా నిర్మించిన లెడర్లీ సంస్థ పరిశోధనకు సారథి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారని ఆ మాత్ర మ్రింగువారిలో ఎందఱెఱుగుదురు? చికిత్స పిదప కూడ ఇనుము మానరాదు. 1200 మి.లీ. పలుచని రక్తముతో సుమారు 400 మిల్లీగ్రాముల ఇనుము వెలుపలికి పోవును. మామూలు భోజనమునుండి దేహము దినమునకు గ్రహించునది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కోలుకొనుటకు నెలలు పట్టుట వింత గాదు. "కాలు బాగయ్యింది గానీ ఒంట్లో సత్తువ లేదు" అని పలువురు చెప్పుకొను బాధకు కారణము కొంత ఇదే.

ఇన్ని జాగ్రత్తలు పాటించినను రక్తము ఎక్కింపవలసినవారు కొందఱుందురు. వారికి ఎక్కింపక తీరదు. ఎప్పుడు ఎక్కింపవలెనను విషయముననే అభిప్రాయము మాఱినది. పూర్వము హిమోగ్లోబిన్ 10 క్రిందికి దిగినంతనే సీసా తగిలించుచుండిరి. 2011లో ప్రకటితమైన ఒక అమెరికను పరీక్షలో, తుంటి విఱిగిన 2016 మంది వృద్ధులలో సగముమందికి 10 దిగినపుడును, తక్కినవారికి 8 దిగినపుడో, ఆయాసము, ఛాతినొప్పి వంటి లక్షణములు కనబడినపుడో ఎక్కించి చూడగా, నడచుటయందు గాని బ్రతుకుటయందు గాని భేదము కానరాలేదు. అది మొదలు ఎముకల చికిత్సలో 8 అను హద్దు స్థిరపడినది. ఎక్కించు రక్తము నిర్దోషమని ఎవరును ప్రమాణము చేయలేరు: జ్వరము, దద్దురులు మొదలు ఊపిరితిత్తులలో నీరు చేరుట వఱకు దానివలని ఉపద్రవములు కలవు. అంతేగాక, ఇచట మిగిలిన ప్రతి సీసా మఱియొకరి అక్కఱకు వచ్చును: హైదరాబాదులో 1998లో స్థాపితమైన తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీకి వచ్చు పిల్లలకు మూడునాలుగు వారములకొక పర్యాయము రక్తము ఎక్కనిదే బ్రతుకు గడవదు. కళాశాలలు మూతపడి దాతలు కఱవగు వేసవిలో వారి తల్లిదండ్రులు పడు యాతన బ్లడ్ బ్యాంకులవారికి తెలియును. ఇఁక ఒక సీసా పెద్దవారిలో హిమోగ్లోబిన్‌ను ఇంచుమించు ఒక గ్రాము పెంచును. కావున జతగా రెండు సీసాలు ఎక్కించు పాత ఆనవాయితీకి బదులు, ఒకటి ఎక్కించి, రోగిని చూచి, మరల పరీక్షించి, అవసరమైననే రెండవదానిని తెప్పించుట నేటి పద్ధతి.